కల్తీ లేని పొగ

మా ఊరి గాలి అంత గొప్పదని నివేదిక వచ్చేదాకా మాకెవరికీ తెలియదు. తెలియక, ఊరికే దగ్గుతూ ఉండేవాళ్లం.

నేను నీలాద్రిపురం నగరపాలక సంస్థలో పౌరసంబంధాల అధికారిని. సంస్థ చేసిన పనుల్ని పౌరులకీ, పౌరులు తిట్టిన తిట్లని సంస్థకీ కాస్త మెరుగు పెట్టి చేరవేయడం నా ఉద్యోగం. మా ఇల్లు డంపింగ్ యార్డుకి కూతవేటు దూరంలో ఉంది. ఊరి చెత్తంతా అక్కడికే వస్తుంది. పోయిన వేసవిలో ఎవరైనా బీడీ పడేశారో, ఎండకి దానంతట అదే రాజుకుందో గాని, ఆ దిబ్బకి నిప్పంటుకుంది. వానాకాలం వచ్చి పోయింది. పైన తడిసింది, లోపల రగులుతూనే ఉంది. మా వీధిలో తెల్ల పంచె ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగు పంచె తీసుకోవచ్చు. రంగుల ఎంపిక మాత్రం ఉండదు.

మా పక్కిల్లు సన్నాయి దాలయ్యది. చుట్టుపక్కల ఆయన ఊదని పెళ్లిపందిరి లేదు. తాళి కట్టే వేళ గట్టిమేళం ఎందుకు వాయిస్తారో తెలుసు కదా. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి దగ్గూ పెళ్లికొడుకు చెవిన పడకూడదు, అపశకునం. దాన్ని ముంచేయడానికే గట్టిమేళం. అలాంటిది, శ్రావణమాసంలో ఒక పెళ్లిలో, పెళ్లికొడుకు మూడో ముడి వేస్తుండగా గట్టిమేళమే దగ్గింది.

దాంతో దాలయ్యకి పిలుపులు ఆగిపోయాయి. ఒక్క రైసుమిల్లు అప్పలస్వామి గారు మాత్రం మాట తప్పలేదు. ఆయన పెళ్లికి ఊదింది దాలయ్య తండ్రి. మాఘమాసంలో కూతురి పెళ్లికి దాలయ్యే ఊదాలన్నారు.

"బాబూ, అదొక్కటే మిగిలింది నాకు," అన్నాడు దాలయ్య మా గుమ్మంలో కూర్చుని. "అక్కడ కూడా ఊపిరి తెగిపోనాదంటే, సన్నాయి తీసి సూరులో దోపీడమే. మరి ముట్టుకోను. నాను ఊదతన్నాను గానీ లోపలికెల్లతన్నది గాలి కాదు బాబూ, పొగ. పొగతోటి కల్యాణి రాగం ఎలాగ పలుకుతాది? మీరు ఆపీసులో ఉన్నారు గదా, ఆ మంట ఆర్పించీండి."

ఆయన పేరున ఒక అర్జీ నేనే రాసి, వేలిముద్ర వేయించి, కమిషనర్ శశాంకమూర్తి గారి ముందు పెట్టాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమిటయ్యా ఈ సన్నాయి నొక్కులు? మంట ఉంటే ఉంటుంది. దానివల్ల గాలి పాడైందని ఎవరు నిర్ధారించారు? సమస్య ఉందని తేలాలంటే ముందు అధ్యయనం జరగాలి. అధ్యయనం పూర్తయ్యేదాకా సమస్య ఉన్నట్టు కాదు."

అలా అధ్యయనం వచ్చింది. విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పే డాక్టర్ హైమవతి గారు మా డాబా మీద ఒక యంత్రం పెట్టారు. అది గాలిని పీల్చి, చిన్న అప్పడమంత తెల్లకాగితం గుండా వదులుతుంది. పొద్దున పెట్టిన అప్పడం మర్నాటికి మాడిపోయి ఉండేది. ఆవిడ దాన్ని పట్టకారుతో తీసి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు పెట్టెలో పెట్టుకుని వెళ్లేవారు.

దాలయ్య రోజూ డాబా ఎక్కి ఆ యంత్రాన్ని చూసేవాడు. అది తనకంటే బాగా గాలి పీల్చుకుంటోందని ఆయనకి కొంచెం అసూయ కూడా.

"అందులో ఏటి తెలుస్తాదమ్మా?" అని అడిగాడు ఒకరోజు.

"ప్రతి పొగకీ ఒక గోత్రం ఉంటుంది దాలయ్య గారూ. ఆకులూ కట్టెలూ కాలితే పొటాషియం ఎక్కువ ఉంటుంది. ప్లాస్టిక్కుల్లో ఒక రకం కాలితే క్లోరిన్. టైరు కాలితే జింకు. డీజిలుకి దాని గోత్రం, రోడ్డు మీద మట్టికి దాని గోత్రం. ఈ కాగితం మీద పడ్డ నలుసుల గోత్రం పట్టుకుంటే ఏ గడప దాటి వచ్చాయో చెప్పేయొచ్చు."

"గోత్రాలు సూసేది సంబంధం కలపడానికి గదమ్మా?"

"మనం తెంచడానికి చూస్తున్నాం," అన్నారావిడ నవ్వుతూ.

నివేదిక వచ్చిన రోజు కమిషనర్ గారి గదిలో సమావేశం. ఇంజనీరు కూర్మారావు గారు, ఆరోగ్యాధికారి డాక్టర్ గరుడాచలం గారు, హైమవతి గారు, మూలగా నేను. నివేదిక ఇంగ్లీషులో ఉంది. కమిషనర్ గారు పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగారు. మొహం వెలిగింది.

ఇక్కడ మా కమిషనర్ గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఇంట్లో బియ్యం ఆర్గానిక్. బెల్లం ఆర్గానిక్. పసుపు, పప్పు, తలకి రాసుకునే నూనె, చివరికి దోమలకి పెట్టే ధూపం కూడా ఆర్గానిక్. ఆఫీసుకి ఎవరైనా స్వీట్లు తెస్తే, ఆ చక్కెర పుట్టుపూర్వోత్తరాలు అడిగి గాని ముట్టరు.

"మన గాలిలో ఉన్న సన్నధూళిలో," అంటూ ఆయన లేచి నిలబడ్డారు, "నూటికి నలభై రెండు పాళ్లు ఆర్గానిక్ కార్బన్! అన్నీ మందులు కొట్టి పండిస్తున్న ఈ రోజుల్లో, ఒక ఎరువు వేయకుండా, ఒక రైతుకి శిక్షణ ఇవ్వకుండా, మన గాలి దానంతట అది నలభై రెండు శాతం ఆర్గానిక్కా!"

కూర్మారావు గారు చప్పట్లు కొట్టారు. ఆయన చప్పట్లు కొట్టాక గరుడాచలం గారికీ తప్పలేదు.

హైమవతి గారు కంగారుపడ్డారు. "సార్, ఇక్కడ ఆర్గానిక్ అంటే మంచిదని కాదు. కర్బనంతో ఏర్పడిన పదార్థాలని అర్థం. కిరోసిన్ కూడా ఆర్గానిక్కే."

"చూశారా!" అన్నారు కమిషనర్ గారు మా వైపు తిరిగి. "మనకి తెలియకుండా ఇంకెన్ని ఉన్నాయో!"

"సార్, అందులో ఎక్కువ భాగం డంపింగ్ యార్డు మంటనుంచి వస్తోంది. పదిహేడో పేజీలో రాశాను. అది ఊపిరితిత్తుల్లోకి..."

"పండితుల వినయం అలాగే ఉంటుందమ్మా. ఎంత గొప్పది కనిపెట్టినా అబ్బే అంటారు. మూలం కూడా చెప్పారు, సంతోషం. మనకి కావలసింది అదే. మూలాన్ని కాపాడుకోవాలి."

ఆఫీసు వ్యవహారం తెలుగులో జరగాలని మాకు నియమం ఉంది. ప్రభుత్వ పదకోశం తీసి చూశాం. ఆర్గానిక్ అంటే సేంద్రియ. సేంద్రియ కూరగాయలు, సేంద్రియ వ్యవసాయం, సేంద్రియ ఎరువు. వాటి పక్కన సేంద్రియ గాలి పీట వేసుకుని కూర్చుంది. ఆ సాయంత్రమే తీర్మానం తయారైంది.

"నగర వాయుమండలమందలి సేంద్రియాంశమును ప్రస్తుత నలువది రెండు శాతము నుండి దశలవారీగా నూరు శాతమునకు పెంపొందించుటకును, తన్మూలముగా పౌరుల శ్వాసక్రియను నాణ్యవంతమొనర్చుటకును ఇందుమూలముగా సంకల్పించడమైనది."

తీర్మానానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అర్థమైతే కదా చెప్పడానికి.

తర్వాత పనులు చకచకా జరిగాయి. మా సంస్థలో పనులు చకచకా జరగడం నేను చూడటం అదే మొదలు. కూర్మారావు గారి కింద అగ్ని పరిరక్షణ విభాగం ఏర్పడింది. దాని పని అగ్నినుంచి మనల్ని పరిరక్షించడం కాదు, అగ్నిని పరిరక్షించడం. చినుకు పడితే మంటకి జలుబు చేస్తుందేమోనని దిబ్బ మీద టార్పాలిన్ పందిరి వేయించారు. పందిరికి నిప్పంటుకుని కాలిపోయింది. సేంద్రియాంశం ఇంకా పెరిగిందని కూర్మారావు గారు రెండోది వేయించారు. ఫైరింజను ఆ చుట్టుపక్కల కనబడరాదని ఉత్తర్వు వెళ్లింది. వీధుల్లో ఊడ్చిన ఎండుటాకులు, పాత సోఫాలు, చిరిగిన పరుపులు, టైర్లు లారీల్లో వచ్చి దిగాయి.

జనం దగ్గు పెరిగింది. ఆరోగ్యాధికారి గరుడాచలం గారు ప్రకటన ఇచ్చారు. అది నేనే పత్రికలకి పంపాను కనుక ఒక్క అక్షరం పోకుండా చెప్పగలను.

"దగ్గు అనారోగ్య సూచిక కాదు. చిరకాలముగా నాసిరకపు గాలికి అలవాటుపడిన ఊపిరితిత్తులు, నాణ్యమైన గాలి హఠాత్తుగా ఎదురుపడినప్పుడు వెలిబుచ్చు సంభ్రమము."

ఊరంతా సంభ్రమంలో మునిగిపోయింది. 'గట్టిగా పీల్చండి, మనది సేంద్రియ గాలి' అని కూడళ్లలో బోర్డులు పెట్టించాం. ఆ వాక్యం నాదే. పొద్దున నడక సంఘంవాళ్లు చాపలు తెచ్చుకుని దిబ్బ పక్కన ప్రాణాయామం మొదలుపెట్టారు. ఒకాయన కుంభకం పట్టి కళ్లు తేలేస్తే, సమాధి స్థితి అందిందని మిగతావాళ్లు దండం పెట్టారు. మా వీధి చివర ఖాళీ స్థలాలకి కొత్త బోర్డు లేచింది: తూర్పు ముఖం, మంచినీళ్ల బోరు, ఇరవై నాలుగు గంటలూ సేంద్రియ గాలి.

దాలయ్య అర్జీకి జవాబు కూడా వచ్చింది. ఆయనకి చదవడం రాదు, నేనే చదివి వినిపించాను. "తమరు కోరిన విధముగా సదరు మంటను ఆర్పుట సంస్థ స్థిరాస్తికి నష్టము కలిగించుట అగును. కావున తమ కోరికను పరిశీలించి సంతోషముతో తిరస్కరించడమైనది. సేంద్రియ గాలి పథకము ప్రారంభోత్సవమున తమ సన్నాయి కచేరీ ఏర్పాటు చేయడమైనది."

"అంటే ఏటి బాబూ?"

"మంట ఆర్పరట. ఆ మంట దగ్గర నిన్ను సన్నాయి ఊదమంటున్నారు."

దాలయ్య ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. "సర్కారోళ్లు పిలిస్తే ఎల్లకపోతే బాగోదు గదా," అన్నాడు చివరికి.

ప్రారంభోత్సవం దిబ్బ ఎదురుగానే. కమిషనర్ గారు వేదిక మధ్యన నిలబడి తొలి శ్వాస తీసుకుంటారు. ఆయన పీల్చినంతసేపూ సన్నాయి ఒకే స్వరం మీద నిలవాలి. ఆ ఏర్పాటు కూర్మారావు గారి బుర్రలో పుట్టింది.

కమిషనర్ గారు చేతులు చాచి కళ్లు మూసుకుని పీల్చడం మొదలుపెట్టారు. దాలయ్య బుగ్గలు పూరించి ఊదాడు. స్వరం లేచింది. పైకి వెళ్లింది. అక్కడ కాస్త నిలబడింది, వణికింది, తెగింది. దాలయ్య రెండు చేతుల్తో గుండె పట్టుకుని వంగిపోయి దగ్గుతూ ఉండిపోయాడు. ఆ పక్కనే కమిషనర్ గారు కూడా దగ్గుతున్నారు, కళ్లల్లో నీళ్లు కారుతుండగా.

"ఆనందబాష్పాలు," అన్నారు గరుడాచలం గారు మైకులో.

జనం చప్పట్లు కొట్టారు. నేను దాలయ్యని చేయిపట్టి ఇంటికి తీసుకొచ్చాను. ఆయన సన్నాయిని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డలో చుట్టి, చూరు వైపు చూశాడు. "పెళ్లికింకా నెలుంది గదా బాబూ," అన్నాడు, నన్నే ఓదారుస్తున్నట్టు. ఆ రాత్రి 'గట్టిగా పీల్చండి' అని రాసిన చేత్తో అన్నం తినబుద్ధి కాలేదు.

మర్నాడు హైమవతి గారు నా గదిలోకి సుడిగాలిలా వచ్చారు. చేతిలో కొత్త అప్పడం ఉంది. మాడటం దాటి తారుముద్ద అయిపోయింది.

"ఏమండీ, మీ ఆఫీసులో ఒక్కరికైనా మతి ఉందా? శ్మశానంలో లేచే పొగ కూడా సేంద్రియమే! అదీ పెంచుతారా?"

"మేడమ్, మెల్లగా. వింటే పెంచుతారు."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "మూడుసార్లు రాసిచ్చాను. ఇది విషం అన్నాను. వినయం అంటారు. పదిహేడో పేజీ చదవమన్నాను. చదివి మంటకి పందిరి వేశారు. ఇంకే భాషలో చెప్పాలి?"

"విషం అనే మాట మా ఆఫీసులో పనిచేయదు మేడమ్. అది ఏ శాఖ కిందకీ రాదు. సార్‌కి మీరు శాస్త్రం చెబుతున్నారు. ఆయనకి వంటిల్లు చెప్పండి."

"వంటిల్లా?"

"ఆయన బెల్లం కొనేముందు ఏం చూస్తారో తెలుసా? నీళ్లలో కలిపి చూస్తారు. కింద ఏదైనా పేరుకుంటే ఆ కొట్టు మొహం మళ్లీ చూడరు."

హైమవతి గారు అప్పడం పెట్టెలో పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, నేరుగా కమిషనర్ గారి గదిలోకి వెళ్లారు. వెనకే నేనూ వెళ్లాను.

ఆ సమయానికి కమిషనర్ గారు మంచి హుషారులో ఉన్నారు. మా గాలికి ఆర్గానిక్ సర్టిఫికెట్ ఇమ్మని పైకి రాశారు. గాలి వ్యవసాయ శాఖ కిందికి వస్తుందో, పశుసంవర్ధక శాఖ కిందికి వస్తుందో పైవాళ్లకి తేలలేదు. తేలక, ఎందుకైనా మంచిదని పరిశీలనకి ఒక బృందాన్ని పంపుతామన్నారు.

"సార్, ఆ బృందం మంటని కూడా చూస్తుంది కదా," అన్నారు హైమవతి గారు.

"చూడకుండా ఎలా ఉంటుందమ్మా? అదే కదా మన గర్వకారణం."

"అందులో ప్లాస్టిక్ సంచులు ఉన్నాయి సార్. టైర్లు ఉన్నాయి. అవన్నీ ఫ్యాక్టరీలో రసాయనాలతో తయారైనవి. నా కాగితం మీద క్లోరిన్, జింకు రెండూ కనబడుతున్నాయి." ఆవిడ గొంతు తగ్గించారు. "చెప్పడానికి నోరు రావడంలేదు సార్. మన పొగ కల్తీ అయింది."

కమిషనర్ గారు తాగుతున్న తులసి టీ బల్ల మీద పెట్టేశారు.

"కల్తీ!"

"అవును సార్."

"నా పొగలో కల్తీ! కూర్మారావ్!"

ఆవిడ అబద్ధం ఒక్కటీ ఆడలేదు. అన్ని రోజులూ చెప్పింది అదే. అయితే ఇదివరకు విషం అన్నారు, ఈసారి కల్తీ అన్నారు.

ఆ మధ్యాహ్నానికల్లా పొగ కల్తీ నిరోధక దళం ఏర్పడింది. పొక్లెయిన్లు దిగాయి. దిబ్బని పైనుంచి కిందికి తవ్వి, ప్రతి సంచీ, ప్రతి సీసా, ప్రతి టైరు ముక్కా ఏరారు. మండేచోట నీళ్లు కొట్టి చల్లార్చి మరీ ఏరారు. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయండి మహాప్రభో అని మా వీధివాళ్లు ఎన్నేళ్లుగా మొత్తుకున్నా జరగని పని, కల్తీ అనేసరికి పెళ్లివారి పనిలా జరిగిపోయింది. సంచులూ సీసాలూ ఏరినవి ఏరినట్టు పాత సామాన్లవాళ్లు పట్టుకుపోయారు. ఊళ్లో ఇంటింటికీ రెండు బుట్టలు వచ్చాయి. దిబ్బ మీదికి అచ్చమైన సేంద్రియ పదార్థం తప్ప ఇంకేదీ రాకూడదని చెక్‌పోస్టు పెట్టారు.

చివరికి దిబ్బ మీద మిగిలినవి అరటి డొప్పలు, కూరగాయల తొక్కలు, కొబ్బరి పీచు, పెళ్లిళ్లలో తిన్న విస్తళ్లు. నూటికి నూరుపాళ్లు సేంద్రియం. మచ్చుకి కూడా కల్తీ లేదు.

కాకపోతే తడిసి ముద్దగా ఉన్నాయి.

కూర్మారావు గారు కొబ్బరికాయ కొట్టి అగ్గిపుల్ల గీశారు. పుల్ల ఆరిపోయింది. కాగడా తెచ్చారు. విస్తళ్లు చుయ్‌మని ఒక మూలుగు మూలిగి ఊరుకున్నాయి. కర్పూరం అన్నారు గరుడాచలం గారు. కర్పూరం శుభ్రంగా వెలిగి, దాని మానాన అది అయిపోయింది. కిరోసిన్ పోద్దామా అని ఎవరో అన్నారు.

"కిరోసినా!" అన్నారు కమిషనర్ గారు చెవులు మూసుకుని. "ఆ పాపపు మాట నా ముందు అనకండి. అది ఫ్యాక్టరీ సరుకు."

కిరోసిన్ కూడా ఆర్గానిక్కేనని ఆవిడ మొదటిరోజే చెప్పిన సంగతి ఆయనకి గుర్తులేదు. హైమవతి గారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డాం.

తడి చెత్త అలాగే కుళ్లి ఎరువవుతోంది. పరిశీలన బృందం వచ్చి, మంట లేదు కనుక చూడటానికి ఏమీ లేదని రాసుకుని, మా ఊరి పనసకాయలు కారులో పెట్టించుకుని వెళ్లింది. మా వీధిలో ఆరేసిన పంచె తెల్లగానే ఇంట్లోకి రావడం మొదలైంది. మొదట్లో మా ఆవిడ నమ్మలేదు, ఎవరి పంచో మారిపోయిందనుకుంది.

మాఘమాసంలో అప్పలస్వామి గారి కూతురి పెళ్లి పగటి ముహూర్తానికి పెట్టారు. ఊళ్లో పెద్దలందరూ వచ్చారు. కమిషనర్ గారు నా పక్క కుర్చీలో కూర్చున్నారు. మనిషి నీరసంగా ఉన్నారు. జేబులోంచి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టారు. లోపల హైమవతి గారు పంపిన ఆ వారం కాగితం. అప్పడం మాడలేదు. ఎండబెట్టిన అప్పడంలా, తెల్లగా, అంచున కాస్త మట్టిరంగుతో ఉంది.

"ఏమీ లేదటయ్యా," అన్నారు. "గాలిలో చెప్పుకోదగ్గదేమీ లేదట. ఎంతో కష్టపడి పెంచుకున్నాం. ఇప్పుడు జనానికి ఏం చూపించను?"

ఆయన్ని చూస్తే జాలేసింది. నిజంగానే వేసింది. కాని నా చూపు మేళం వైపే ఉంది. దాలయ్య గుడ్డ విప్పి సన్నాయి చేతిలోకి తీసుకున్నాడు. దాని పీక పెదవులకి ఆనించే ముందు ఒకసారి ఊపిరి తీసుకున్నాడు. భయం భయంగా, చలికాలంలో చెరువులో కాలు పెట్టినట్టు కొంచెం కొంచెం తీసుకున్నాడు. ఏదీ అడ్డుపడలేదు. ఇంకాస్త తీసుకున్నాడు.

"గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు పురోహితుడు గారు.

సన్నాయి లేచింది. డోలు దాని వెంట పరిగెత్తింది. మొదటి ముడి. రెండో ముడి. మూడో ముడి దగ్గర పెళ్లికొడుకు చేతులు తడబడి దారం జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. పెళ్లికూతురు తల వంచుకునే నవ్వుతోంది. డోలు కొట్టేవాడు ఆయాసపడుతున్నాడు. దాలయ్య మాత్రం కళ్లు మూసుకుని ఆ పై స్వరం మీదే నిలబడ్డాడు. ముడి పడింది. అయినా దిగలేదు. అక్షింతలు రాలాయి. అయినా దిగలేదు. పందిట్లో కబుర్లన్నీ ఆగిపోయాయి. అప్పలస్వామి గారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. నాకు తుడుచుకోవడానికి కండువా లేదు, చేత్తోనే తుడుచుకున్నాను.

కమిషనర్ గారు నోరు తెరుచుకుని వింటున్నారు. చాలాసేపటికి నా వైపు వంగి, పాత ఉత్సాహంతో చెవిలో అడిగారు.

"ఎంత బాగుందయ్యా! సేంద్రియమేనా?"

"కాదు సార్," అన్నాను. "ఉత్త గాలి."